పడవ మళ్లీ నీళ్లలోకి దిగింది: పాలూరు కాలువలో ఏం జరిగింది, ఏం మార్చాం

రంభ నుంచి మా పడవలో ఒడిశాలోని చిలిక సరస్సుకు వచ్చే అందరికీ నమస్కారం.

దీవుల ట్రిప్పులు మళ్లీ మొదలయ్యాయి. పాలూరు కాలువ ట్రిప్పు వచ్చే ఆదివారం నుంచి ఉంటుంది, కాకపోతే ఇకమీదట ఉదయం పూట మాత్రమే. టికెట్టు మీద మనిషికి 50 రూపాయలు పెంచాం. డబ్బులు పెంచినప్పుడు కారణం అడిగే హక్కు మీకుంది. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

ఇచ్ఛాపురం నుంచి, బరంపురం నుంచి ఫోన్ చేస్తున్నవాళ్లు రకరకాలుగా అడుగుతున్నారు. ఇంజను పేలిందట కదా అని ఒకరు, పడవ కాలిపోయిందట అని ఇంకొకరు. అవేవీ జరగలేదు. కాలువలో వెళ్తుండగా స్టీరింగు పట్టేసింది, అదే సమయానికి కరెంటు కూడా మొరాయించింది. పడవ ఎక్కినవాళ్లంతా అదే పడవలో, చీకటి పడకముందే రంభ రేవుకు తిరిగొచ్చారు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

ముందు పడవ గురించి రెండు మాటలు. మాది ఫైబర్ పడవ. డీజిల్ ఇంజను వెనక సగంలో ఉంటుంది. సరంగు ముందు కూర్చుని చక్రం తిప్పుతాడు. చక్రం నుంచి ఒక ఉక్కు తాడు బయలుదేరి, పడవ అంచు లోపలివైపుగా, కప్పీల మీదుగా చుక్కాని దాకా వెళ్తుంది. చక్రం తిప్పితే తాడు ఒకవైపు ముందుకు, ఇంకోవైపు వెనక్కి జరుగుతుంది, దాంతో చుక్కాని తిరుగుతుంది. పంపు వైరు, వెనక దీపం వైరు కూడా అదే అంచు వెంట, అదే సందులోంచి వెళ్లేవి. పడవ తయారైనప్పుడే అలా వేశారు. నేను చూసిన పడవల్లో ఎక్కువ వాటికి అలాగే ఉంటుంది.

ఆ రోజు కాలువలోకి వెళ్లిన కాసేపటికే పంపు ఫ్యూజు పోయింది. పడవ అడుగున చేరే నీళ్లను తోడి బయట పోసే చిన్న పంపు అది. ఇంజను నుంచి నీళ్లలోని పంకాకు వెళ్లే షాఫ్టు పడవలోంచి బయటికి వెళ్లే చోట చుక్క చుక్కగా నీరు రావడం మామూలే, పూర్తిగా రాకుండా బిగించేస్తే షాఫ్టు వేడెక్కుతుంది. కాబట్టి పంపు ఆగిందంటే వెంటనే భయపడాల్సింది లేదు, చేతి పంపు కూడా ఉంది. కొత్త ఫ్యూజు వేశాం. బాగానే ఉంది. కాలువ మలుపు రాగానే మళ్లీ పోయింది. ఇంకోటి వేశాం. అదీ పోయింది.

మా సరంగుది ఈ నీళ్ల మీద పెద్ద అనుభవం. ఆయనే గమనించాడు. "బాబూ, కుడికి తిప్పితే ఏమీ కావట్లేదు. ఎడమకు తిప్పినప్పుడే పోతోంది" అన్నాడు. ఫ్యూజుకీ చక్రానికీ సంబంధం ఏమిటని వినేవాళ్లకు అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ మాటతోనే సగం విషయం అర్థమైంది. వెనక ఎక్కడో తాడూ వైరూ ఒకదానికొకటి తగులుతున్నాయన్నమాట.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. పడవలో ఉన్న ఒక తమ్ముడు మంచి మనసుతోనే, "అన్నా, ఫ్యూజు బదులు సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి పెట్టు, ఇంటికి వెళ్లేదాకా ఆగుతుంది" అన్నాడు. నేను వద్దన్నాను. ఎందుకో అప్పుడు పూర్తిగా చెప్పే తీరిక లేకపోయింది, ఇప్పుడు చెబుతున్నాను. ఫ్యూజు ఉన్నది పంపు కోసం కాదు, వైరు కోసం. వైరు ఎంత కరెంటు మోయగలదో దానికి లోబడే ఫ్యూజు వేస్తారు. ఎక్కడైనా షార్టు అయితే ముందు ఫ్యూజు తెగిపోయి వైరును కాపాడుతుంది. అక్కడ వెండి కాగితమో, రాగి తీగో పెడితే ఇక తెగేది ఏదీ ఉండదు, వైరే ఎర్రగా కాలుతుంది. ఆ వైరు ఫైబర్ గోడను ఆనుకుని, డీజిల్ ట్యాంకు పక్క నుంచి వెళ్తోంది. బ్యాటరీ 12 వోల్టులదే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. మనిషికి షాక్ కొట్టదేమో గానీ, నిప్పు పుట్టించడానికి అది చాలు. పంపు స్విచ్చి ఆపేసి, చేతి పంపు పెట్టుకుని వెనక్కి తిరుగుదామని నిర్ణయించాం.

తిరిగే లోపే చక్రం పట్టేసింది. చుక్కాని కొద్దిగా ఎడమకు తిరిగి అక్కడే ఆగిపోయింది. చిలిక నడిమధ్యలో అయితే చుట్టూ చోటుంటుంది. కాలువలో ఉండదు. ఒడ్డు దగ్గర, వలల కర్రలు దగ్గర, ఎదురుగా చేపల పడవలు. సరంగు వెంటనే గేరు తీసేశాడు. మా కుర్రాడు, మాటల్లో సగం తెలుగు, సగం ఒడియా, గెడ తీసుకుని ముందుకు పరుగెత్తి పడవను మెల్లగా ఒడ్డు వారకు తోశాడు. అక్కడ కట్టేశాం. ఒడ్డు అంత దగ్గరగా కనిపిస్తుంటే పడవలో ఉన్న ఒక పెద్దావిడ, "దిగిపోతాను నాయనా, నడిచి పోతాను" అంది. ఆమె భయం నాకు తెలుసు. కానీ అక్కడ ఒండ్రు. కాలు పెడితే మోకాలు దాకా దిగిపోతుంది. ఆగిన పడవ మీద లైఫ్ జాకెట్ వేసుకుని కూర్చోవడమే ఆ సమయంలో అందరికంటే క్షేమం. ఎప్పుడైనా ఏ పడవలోనైనా ఇలా జరిగితే దయచేసి దిగవద్దు, అందరూ ఒకే వైపుకు వచ్చి చూడవద్దు.

వెనక పలక ఎత్తి చూస్తే విషయం బయటపడింది. చుక్కానికి దగ్గరగా ఉన్న కప్పీ తిరగడం లేదు. ఉప్పు, తుప్పు కలిసి దాని ఇరుసును పట్టేశాయి. బావి కప్పీ బిగుసుకుపోతే చేద తాడు దాని మీద రాసుకుంటూ పీచులు లేస్తుంది కదా, ఇక్కడ ఉక్కు తాడుకు అదే జరిగింది. పోగులు ఒక్కొక్కటే తెగి ముళ్లలా లేచాయి. ఎడమకు తిప్పిన ప్రతిసారీ ఆ ముళ్లు వెనక్కి జరిగి పంపు వైరు తొడుగును గీరుతూ వచ్చి, చివరికి లోపలి రాగిని తాకాయి. ఆ తాడు ముందు చక్రం బిగించిన ఇనప చట్రానికి కలుస్తుంది, సరంగు ముందుండే మీటర్ల ఎర్తు, అంటే బ్యాటరీ మైనస్‌కు వెళ్లే దారి, ఆ చట్రానికే ఉంది. అంటే పంపు వైరుకు తాడు ద్వారా నేరుగా ఎర్తు దొరికింది, ఫ్యూజు పోయింది. ఆఖరికి ఆ ముళ్లే కప్పీ సందులో ఇరుక్కుని స్టీరింగును పట్టేశాయి. రెండు జబ్బులనుకున్నది ఒకటే జబ్బు.

స్టీరింగుకు దారి అప్పటికప్పుడు దొరికింది. చుక్కాని కడ్డీ పైతల నలుపలకలుగా ఉంటుంది. దానికి సరిపోయే సాకెట్ ఉన్న ఇనప గొట్టం పడవలో ఎప్పుడూ ఉంటుంది. తాడును చుక్కాని నుంచి విప్పేసి, గొట్టం తొడిగితే చేత్తోనే చుక్కాని తిప్పవచ్చు. సరంగు వెనక నిలబడతాడు. అక్కడి నుంచి ముందున్నది కనబడదు కాబట్టి, ముందు కుర్రాడు నిలబడి ఎడమ, కుడి చెబుతాడు.

అంతా సిద్ధం చేసి ఇంజను స్టార్ట్ చేయబోతే "టిక్" అని ఒక్క శబ్దం, అంతే. నిజానికి ఆ రోజు నాకు టెన్షన్ వచ్చింది అప్పుడే. మా ఇంజను పాతరకం డీజిల్ ఇంజను, ఒకసారి తిరగడం మొదలెట్టాక కరెంటుతో పని లేదు. అందుకే పొద్దున్నుంచి ఏమీ తెలియలేదు. కప్పీ దగ్గర చెయ్యి పెట్టాలి కాబట్టి ఇంజను ఆపక తప్పలేదు, ఆపాక లేవలేదు. వోల్టు మీటరు పెట్టి చూస్తే బ్యాటరీలో 12.5 వోల్టులు ఉన్నాయి, అంటే బ్యాటరీ బాగానే ఉంది. తర్వాత మీటరు ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొన ఇంజను ఇనుము మీద పెట్టి, కుర్రాడిని స్టార్టర్ నొక్కమన్నాను. మీటరు 4 వోల్టులు దాటింది. ఎర్తు సరిగా ఉంటే అది అర వోల్టు కూడా చూపించకూడదు. అంటే స్టార్టరుకు అందాల్సిన బలం దారిలోనే, ఎర్తు కేబులులోనే పోతోంది.

కార్లకు వాడే జంపర్ కేబుల్ ఒకటి పెట్టెలో ఉంది. దాన్ని బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజనుకు తగిలించాం. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది. పడవలో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మా సరంగుకు, మా కుర్రాడికి చెందుతాయి.

నెమ్మదిగా తిరిగొచ్చాం. తెలిసిన చేపల పడవ ఒకటి రేవు దాకా మా పక్కనే వచ్చింది. ఆ పడవవాళ్లు డీజిల్ ఖర్చు కూడా తీసుకోలేదు. ఆ రోజు వచ్చినవాళ్లలో ముగ్గురికి తప్ప అందరికీ టికెట్టు డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చాం. మళ్లీ ఎప్పుడు వచ్చినా ఒక ట్రిప్పు మా తరఫున.

తర్వాత పడవను ఒడ్డుకు లాగి ఎర్తు కేబులు కోసి చూశాం. పైకి తొడుగు కొత్తదానిలా ఉంది. లోపల రాగి నల్లగా మాడినట్టు, పొడిగా రాలుతోంది. చిలిక నీరు పూర్తి మంచినీరు కాదు, పూర్తి సముద్రపు నీరూ కాదు. వానాకాలంలో నదుల నీరు చేరి ఉప్పు తగ్గుతుంది, ఎండాకాలంలో పెరుగుతుంది. పాలూరు కాలువ ఋషికుల్య నది మొగ వైపు కలుస్తుంది కాబట్టి అటు సముద్రపు నీరు ఎగదన్నుతుంది. ఆ తడి కేబులు కొన దగ్గర లోపలికి చేరి, సన్నని పోగుల మధ్య నుంచి పైకి పాకుతుంది. బయట ఎంత తుడిచినా లోపలిది కనబడదు. అది చూశాక ఒక్క కేబులు మార్చి సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. మొత్తం పీకేశాం. పడవ ఇన్నాళ్లు ఒడ్డున ఉన్నది అందుకే.

ఇప్పుడు వైరింగంతా తగరం పూత ఉన్న రాగి వైరుతో వేశాం. మామూలు వైరు కంటే ధర బాగా ఎక్కువ, కానీ ఉప్పు గాలికి ఆ పూత ఉన్న రాగి చాలా కాలం నల్లబడదు. బరంపురంలో మాకు కావలసిన సైజు దొరకలేదు, విశాఖ నుంచి తెప్పించాం. వైర్లన్నీ గొట్టంలో పెట్టి రెండో వైపు అంచు పైభాగానికి మార్చాం, తాడు ఉన్న చోట ఇప్పుడు ఒక్క వైరు కూడా లేదు. పంపుకు, హారనుకు, దీపాలకు దేని ఫ్యూజు దానికే. వైర్ల కొనలకు లగ్గులు (బిగించే లోహపు కొనలు) నొక్కి, లోపల జిగురున్న స్లీవ్ వేడి చేసి అతికించాం, తడి లోపలికి పాకకుండా. బ్యాటరీలు రెండు పెట్టాం. ఒకటి ఇంజను స్టార్టుకే, రెండోది మిగతా వాటికి.

స్టీరింగుకు 6 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ తాడు వేశాం. కప్పీలు పెద్దవి పెట్టాం. కప్పీ చిన్నదైతే తాడు బాగా వంగాల్సి వచ్చి పోగులు తొందరగా తెగుతాయి. స్టెయిన్‌లెస్ అయినంత మాత్రాన ఎప్పటికీ తెగదని నేను చెప్పను. అందుకే పొద్దున్నే మొదటి ట్రిప్పుకు ముందు కుర్రాడు తాడు పొడవునా నూలు గుడ్డతో తుడుస్తాడు. తెగిన పోగు ఒక్కటున్నా గుడ్డ దానికి పట్టుకుంటుంది. పట్టుకున్న రోజు తాడు మారుతుంది, ట్రిప్పు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యానికి మీ సహకారం కావాలి. కుతూహలం ఉన్నవాళ్లు ముందుగా వస్తే వెనక పలక ఎత్తి అన్నీ చూపిస్తాను, పిల్లలను కూడా తీసుకురండి.

పెంచిన 50 రూపాయలు ఈ ఖర్చు కోసమే. అయిదేళ్లలోపు పిల్లలకు ఎప్పటిలాగే టికెట్టు లేదు. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు పాత ధరే.

కాలువ ట్రిప్పు ఉదయానికే పరిమితం చేయడానికి కారణం గాలి. ఎండలు ముదిరే కొద్దీ మధ్యాహ్నం దక్షిణపు గాలి లేస్తుంది, రంభ బయట అలలు రేగుతాయి. ఏదైనా ఇబ్బంది వస్తే పగటి వెలుతురు చేతిలో ఉండాలని కూడా. సాయంత్రం ట్రిప్పు అడిగే వాళ్లకు బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ దాకా తీసుకెళ్లి తెస్తాం, అది దగ్గర.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను, ఫోన్లలో రోజూ అడుగుతున్నారు. డాల్ఫిన్లు చూడాలంటే సాతపడా వైపు వెళ్లండి, అవి ఎక్కువగా ఉండేది అటు సముద్ర ముఖం దగ్గర. రంభ నుంచి డాల్ఫిన్లు చూపిస్తామని మేము డబ్బు తీసుకోం. మా దగ్గర దీవులు, కొండలు, చలికాలంలో పక్షులు. పక్షులు కావాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు రండి.

రైల్లో వచ్చేవాళ్లు రంభ స్టేషన్‌లో దిగి ఫోన్ చేయండి, రేవు దగ్గరే. పడవ బయలుదేరేది ఉదయం 7 గంటలకు. లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్లను ఎక్కించుకోం, ఈత వచ్చినా సరే. ఆ రోజు మాతో ఉన్నవాళ్లలో ఇంకా ముగ్గురి నంబర్లు మా దగ్గర లేవు, బుకింగు వేరేవాళ్ల ఫోన్ నుంచి జరిగింది. ఇది చదివితే ఒకసారి ఫోన్ చేయండి, మీ డబ్బు మా దగ్గరే ఉంది.