కోడి చచ్చేదాకా ఆగకండి: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

వ్యవసాయ, పశుసంవర్ధక శాఖ మంత్రి కింజరాపు అచ్చెన్నాయుడు గారికి నమస్కారాలు.

అయ్యా, మాది టెక్కలి దగ్గర పల్లె. పెరట్లో నాటుకోళ్ళు పెంచుకుంటూ గుడ్ల మీద, పండగలకి అమ్మే పుంజుల మీద నాలుగు రూపాయలు చూసుకునే ఆడవాళ్ళలో నేనూ ఒకదాన్ని. కోళ్ళకి జబ్బు గుర్తులు కనిపించిన రోజే మా మాట రాసుకునే ఏర్పాటు చేయమని అడగడానికి ఈ ఉత్తరం.

పొద్దున్నే గంప ఎత్తగానే మొదట తగిలేది వాసన. రెట్ట వాసన రోజూ ఉండేదే, దానికి ముక్కు అలవాటు పడిపోయింది. అది మారిందంటే ఇట్టే తెలుస్తుంది. అప్పుడు ఒక్కో కోడినీ పట్టుకుని మెడ కింద మేత సంచి తడిమి చూస్తాం. సాయంత్రం తిన్నది తెల్లారేసరికి అరిగిపోయి సంచి ఖాళీగా ఉండాలి. మెత్తగా వేలాడుతూ, నోట్లోంచి పులిసిన గంజి వాసన కొడితే మేత కిందికి దిగలేదని అర్థం. మొహం వాచి, ముక్కులోంచి చిక్కటి చీమిడి కారుతూ కుళ్ళు కంపు వస్తే కొరైజా అనే కోళ్ళ జలుబు జబ్బని అనుమానపడాలి. రెట్టలో రక్తం పడితే రక్తపారుడు.

కొన్ని జబ్బులు నడతలోనే బయటపడతాయి. నూకలు చల్లగానే అన్నీ ఎగబడుతుంటే ఒక్కటి మాత్రం ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు వేలాడేసి గోడ వార నిలబడిపోతుంది. కోడి తన నీరసాన్ని వీలైనంత వరకు దాచుకుంటుంది, బయటపడితే కుక్కకీ పిల్లికీ తోటి కోళ్ళకీ కూడా లోకువే. అందుకే అది కునుకుతోందంటే లోపల జబ్బు ముదిరిందనే లెక్క. ఆకుపచ్చ పారుడు, నోరు తెరిచి ఎగశ్వాస, మెడ మెలితిరిగిపోవడం కొక్కెర తెగులు (డాక్టర్లు రాణిఖేత్ అంటారు) గుర్తులని మా అత్తల కాలం నుంచీ తెలుసు. కానీ బర్డ్ ఫ్లూలోనూ ఇలాగే ఉండొచ్చు. రెండింటినీ విడదీసి చెప్పగలిగేది ల్యాబే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల శాంపిళ్ళు భోపాల్ ల్యాబ్‌కి వెళ్ళాకే అది బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 అని తేలింది. అందుకే మా కబురు మీకు ఎంత ముందు అందితే అంత మేలు.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. కోడి తూలితే చాలామంది కోసి వండేస్తారు, లేదా సంతకి పట్టుకుపోతారు. వాళ్ళని తిట్టలేను, చేతికొచ్చిన కోడిని గోతిలో పాతిపెట్టడం ఎవరికి ఇష్టం? ఒకసారి మా ఊరొచ్చిన ఒకాయనకి కోళ్ళు మేత ముట్టడం లేదని చెబితే, "ఎన్ని చచ్చాయమ్మా?" అన్నారు. ఇంకా ఏదీ చావలేదంటే పుస్తకం మూసేశారు.

మీ నియోజకవర్గంలోని పక్షుల విడిది తేలినీలాపురం సంగతి మీకు తెలిసిందే. 2021-22 శీతాకాలంలో అక్కడ గూడబాతులు పెద్దసంఖ్యలో చనిపోతే, కడుపులో చేరిన నులిపురుగులే కారణమని పరీక్షల్లో బయటపడింది. ఆ చెట్ల కింద రోజూ తిరిగే ఊరివాళ్ళ కళ్ళకి ఏ పక్షి డీలాపడిందో ముందే కనబడుతుంది. వాళ్ళు ఎవరికి చెప్పాలి?

రైతు సేవా కేంద్రంలో ఒక రిజిస్టర్ పెట్టించండి. ఇంటి పేరు, ఏ గుర్తు, ఏ రోజు, ఇంతే చాలు. ఒకే వారంలో మూడు నాలుగు ఇళ్ళలో ఒకే గుర్తు కనిపిస్తే డాక్టర్ గారు రావాలి, శాంపిల్ తీయాలి. 1962 నంబరుకి ఫోన్ చేస్తే ఆవు కోసం, గేదె కోసం పశువైద్య బండి వస్తున్నట్టే కోళ్ళ కోసం కూడా రావాలి. కొక్కెర టీకా సంగతి కూడా చూడండి. సీసాలో వంద డోసులుంటాయి, కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి. పది కోళ్ళున్న ఇంటికి అది ఎలా గిట్టుబాటవుతుంది? ఎండలు ముదిరే లోపు ఊరంతటికీ ఒకే రోజు వేయించండి. ఏ రోజో ముందుగా చెబితే ఇంటింటికీ తిరిగి కోళ్ళని గంపల కింద మూయించే పని మా డ్వాక్రా సంఘం చూసుకుంటుంది.

ఇట్లు,
టెక్కలి మండలం నుంచి ఒక కోళ్ళ పెంపకందారు