‘గ్యారంటీ’ వరకు అయ్యే ఖర్చును రూపాయల్లో చూపాలి

డబ్బు చెల్లించి లాటరీలా అదృష్టం కొద్దీ బహుమతులు తీసే ‘గాచా’ తరహా వీడియో గేముల్లోని ‘గ్యారంటీ బహుమతి’ ఏర్పాటు ఆటగాళ్లకు రక్షణగా కనిపిస్తూనే, పిల్లలను ఖర్చు ఆపనివ్వని ఉచ్చుగా పనిచేస్తోంది. ఉదాహరణకు జెన్‌షిన్ ఇంపాక్ట్‌లో అత్యంత అరుదైన ‘అయిదు నక్షత్రాల’ పాత్ర ఒక్కో ప్రయత్నంలో దక్కే అవకాశం 0.6 శాతమే, 90వ ప్రయత్నానికల్లా అటువంటి పాత్ర తప్పక వస్తుందన్నది హామీ. అయితే వచ్చినది కోరుకున్న పాత్రే కానవసరం లేదు. కోరుకున్నది రాకపోతే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలై, కోరుకున్నది అందేసరికి 180 ప్రయత్నాల వరకు పట్టవచ్చు. విజయనగరం మూడు లాంతర్ల కూడలి పరిసరాల్లో ట్యూషన్లకు వచ్చే ఇంటర్ విద్యార్థులను గమనిస్తున్నాను. డెబ్బై ప్రయత్నాలు దాటిన కుర్రవాడు, చదువులో ఎంత చురుకైనవాడైనా సరే, ‘ఇంకో ఇరవయ్యే కదా, ఇప్పుడు మానేస్తే పెట్టిందంతా పోతుంది’ అంటూ, పిన్ తెలిసిన తండ్రి ఫోన్‌లోంచి మళ్లీ చెల్లిస్తాడు. ఖాతా చూసుకునే వరకు ఆ తండ్రికి సంగతే తెలియదు. చైనా 2017లో, దక్షిణ కొరియా 2024లో అవకాశాల శాతాల ప్రకటనను తప్పనిసరి చేశాయి గాని, శాతాన్ని బట్టి మొత్తం ఖర్చును ఊహించడం పెద్దలకే కష్టం. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను 2025లో చట్టం ద్వారా నిషేధించిన కేంద్రం, కొనుగోలుకు ముందే గ్యారంటీ వరకు గరిష్ఠంగా ఎన్ని రూపాయలవుతుందో తెలుగులోనూ చూపాలని, 18 ఏళ్లలోపు వారి ప్రతి చెల్లింపునకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలని నిబంధన తేవాలి. ఈలోగా మన పాఠశాలలు, కళాశాలలు తల్లిదండ్రుల సమావేశాల్లో ఈ లెక్కను విడమరచి చెప్పాలి.

— ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం