మా ఆటకి బొమ్మలిచ్చిన పర్లాకిమిడి వాళ్లకి

మా వీడియో గేమ్ మొదటి డెమో బయటికి వచ్చింది. ఆడి చూసినవాళ్లలో చాలామంది బొమ్మల గురించే అడిగారు, ఆర్టిస్టు ఎవరు, ఎక్కడ ఉంటారు అని. విడిగా ఆర్టిస్టంటూ ఎవరూ లేరు. నేను కోడ్ రాసేవాణ్ని, బొమ్మలు గీయడం నేర్చుకున్నవాణ్ని కాదు. ఆ బొమ్మల వెనక ఉన్నది ఒడిశాలోని మా ఊరు పర్లాకిమిడి వాళ్లు. వాళ్లకి ఇంట్లో కూర్చుని థాంక్స్ చెబితే సరిపోదనిపించి, అందరికీ తెలిసేలా ఇక్కడ రాస్తున్నాను.

ఆట సంగతి రెండు మాటల్లో చెప్తాను. కొండ మీద పడిన వాన నీటిని వాగులుగా మళ్లించి కింద పొలాలకి చేర్చాలి. మహేంద్రగిరి కొండల్ని చూస్తూ, మహేంద్రతనయ నది పక్కన పెరిగాను కాబట్టి వేరే ఆట నాకు తట్టలేదు. బోర్డు మొత్తం ఆరు అంచుల గళ్లే. చదరపు గళ్లయితే పక్క గడి ఒక అడుగు దూరం, మూలనున్న గడి 1.414 అడుగులు. నీళ్లు మూలగా పారినప్పుడల్లా ఆ తేడా కోసం విడిగా లెక్క కట్టాలి. హెక్సాగన్‌లో చుట్టూ ఉన్న ఆరు గళ్లూ సమాన దూరంలోనే ఉంటాయి. ఇంతవరకు నాకు తెలిసిన పనే. కానీ ఆ గళ్లలో ఏం గీయాలి, ఒక గడిలోని వాగు పక్క గడిలోని వాగుతో తెగకుండా ఎలా కలవాలి అన్నదే పెద్ద టెన్షన్.

ఎదురింటి పెద్దమ్మకి ల్యాప్‌టాప్‌లో ఖాళీ బోర్డు చూపించాను. "ఇది సందు చుక్కల ముగ్గే కద బాబూ" అంది. వెంటనే ముగ్గు డబ్బా తెచ్చి, "7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు" అంటూ అరుగు మీద పెట్టేసింది. నడుమ 7, దానికి పైనా కిందా 6, 5, 4. ఒక వరసలోని చుక్క పక్క వరసలోని రెండు చుక్కల సందున పడుతుంది. మొత్తం 37. నా బోర్డులో మధ్య గడి ఒకటి, దాని చుట్టూ 6, ఆపైన 12, ఆపైన 18. అదీ 37 గళ్లే.

అసలు సాయం ఆ తర్వాత అందింది. మెలికల ముగ్గులో గీత చుక్కని తాకదు, రెండు చుక్కల నడిమధ్య నుంచి దాటుతుంది. చుక్కని గడికి కేంద్రం అనుకుంటే, రెండు చుక్కల నడిమి చోటు అంటే ఆ రెండు గళ్లూ పంచుకునే అంచుకి సరిగ్గా సగం. "గీత సందులోకి తిన్నగా వెళ్లాలి, వంపు చుక్క చుట్టూ తిరగాలి" అని పెద్దమ్మ చేసి చూపించింది. వాగు ప్రతి అంచునీ సగం దగ్గర, అంచుకి లంబంగా దాటితే చాలు, వాగున్న ఏ రెండు అంచులు పక్కపక్కన పెట్టినా ధార తెగదు. ఆ మాటని కోడ్ ఫైల్‌లో మొదటి లైనుగా తెలుగులోనే రాసి పెట్టుకున్నాను.

ఆరు అంచుల్లో ఒక్కోదాంట్లోంచి వాగు పోవచ్చు, పోకపోవచ్చు కాబట్టి మొత్తం 64 రకాలు. తిప్పితే ఒకటే అయ్యేవాటిని కలిపేస్తే 14 మిగులుతాయి. ఖాళీ గడి పోను తక్కినవన్నీ పెద్దమ్మ వేస్తుంటే ఫొటోలు తీసి, ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో వాటి మీదే గీసుకున్నాను. అందులో ఆక్సోనోమెట్రిక్ గ్రిడ్ (నిలువు, ఏటవాలు గీతల వల) పెట్టి కోణాలు 30 డిగ్రీలు ఉంచితే గడి అంచులన్నీ ఆ గీతల మీదే పడతాయి. నాలా బొమ్మలు రాని డెవలపర్లు ఎవరైనా ఉంటే ముందు అక్కడ మొదలుపెట్టండి. ఇంకో లెక్క కూడా పనికొస్తుంది. మూల పైకి ఉండేలా పెట్టిన గడి ఎత్తు 64 పిక్సెళ్లయితే వెడల్పు 55.43 రావాలి. పిక్సెల్‌ని ముక్క చేయలేం కనక 56 పెట్టాను. వరసకీ వరసకీ 48 దూరం, ప్రతి రెండో వరసా 28 పక్కకి జరుగుతుంది. కంటికి ఆ తేడా తెలియదు.

పక్కింటి ఒడియా మౌసీ మార్గశిర గురువారాలకి బియ్యప్పిండి నీళ్లతో ఝోటి, అంటే ఒడియా వాళ్ల ముగ్గు, వేస్తుంది. చుక్కలు లేవు, ఆసరా లేదు, వేళ్లే. పొలం గడిలో మీరు చూసిన వరి కంకి ఆవిడ గుమ్మం ముందుదే.

కొమ్ము బొమ్మలు చేసే మామయ్య దగ్గర నేర్చుకున్నది వేరు. ఆయన గేదె కొమ్ముని వేడి చేసి, మెత్తబడ్డాక వంచి, అరగదీసి కొంగలు, రొయ్యలు చేస్తాడు. నల్లటి కొమ్ములో రంగు సాయం ఉండదు, ఏ పిట్టో ఆకారమే చెప్పాలి. నా చెట్టు బొమ్మ మొత్తాన్ని నలుపుతో నింపమని, "ఇప్పుడు ఏ చెట్టో చెప్పు" అన్నాడు. ఆటలో తాటి, జీలుగు, పనస మూడూ చిన్న ఫోన్‌లో కూడా వేరుగా కనబడుతున్నాయంటే ఆ పరీక్ష వల్లే. వెలుగు ఒకవైపు నుంచే రావాలన్నదీ ఆయన మాటే. హెక్సాగన్ కేంద్రం నుంచి ఒక మూల విడిచి ఒక మూలకి గీతలు గీస్తే మూడు సమచతుర్భుజాలొస్తాయి. పైదానికి లేత రంగు, ఎడమదానికి మధ్యరకం, కుడిదానికి ముదురు వేస్తే గడి దిమ్మలా పైకి లేస్తుంది. ఆటలో కొండలన్నీ అలా కట్టినవే.

గుమ్మ అనే ఊరి వైపు నుంచి వచ్చే సవర మాస్టారిని, కొండ గళ్ల మీద సవరల ఇడితాల్ బొమ్మలు వాడొచ్చా అని అడిగాను. గోడ మీద వేసే ఆ బొమ్మ దేవతల కోసం, పోయిన పెద్దల కోసం, అలంకారానికి కాదు అని ఓపికగా చెప్పారు. అందుకే ఆటలో అవి లేవు. వాటికి బదులు ఆయన తమ మెట్ల పొలాలు గీసి, పై మడి నిండాకే నీళ్లు కింది మడికి ఎలా దిగుతాయో చూపించారు. మీలో చాలామంది మెచ్చుకున్న 'నిండితేనే దిగు' నియమం ఆయనదే. ఒక్క బొమ్మ అడగబోయిన నాకు ఆటకి ప్రాణంలాంటి నియమం ఇచ్చారు. ఆయన రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు.

బరంపురంలో చదువుతున్న మా పిన్ని కొడుకు గళ్ల మధ్య కనబడే సన్నటి గీతల్ని పోగొట్టాడు. ప్రతి గడి అంచు రంగుని ఒక పిక్సెల్ బయటికి సాగదీయాలట. బోర్డుని నలుపు తెలుపులోకి మార్చి చూసి, అడవీ పొలమూ ఒకేలా ఉన్నాయని చెప్పిందీ వాడే.

పెద్దమ్మా, మౌసీ, మామయ్యా, మాస్టారూ, తమ్ముడూ, మీ అందరికీ మనస్ఫూర్తిగా నమస్కారాలు. మీరు అడిగిన పైసా లేదు, చూపించిన విసుగు లేదు.

వాగు గళ్ల ఫైళ్లు కావాల్సినవాళ్లు అడగండి, పంపుతాను. పెద్దమ్మ సరేనంది. మెట్ల పొలాల గళ్లు మాత్రం మాస్టారిని అడిగాకే ఇస్తాను.