పీజీ సంపుల్లో క్లోరిన్ కొలిపించండి: గ్రేటర్ బెంగళూరు అథారిటీ ముఖ్య కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్య కమిషనర్ గారికి,

నమస్కారాలు.

మారతహళ్లి, కుందలహళ్లి, బెళ్లందూరు, కె.ఆర్. పురం వైపు పీజీల్లో (పేయింగ్ గెస్టు హాస్టళ్లలో), మెస్సుల్లో జనం తాగుతున్న నీటి గురించి ఈ లేఖ. మేం నీటి పరీక్షలు, ఆహార పరీక్షల పనిలో ఉన్న తెలుగువాళ్లం. కన్నడ ప్రతి మీ కార్యాలయానికి అందజేస్తున్నాం. తెలుగులో అందరి ముందూ పెట్టడం ఎందుకంటే, ఆ పీజీలు నడిపేవాళ్లలో, వాటిలో ఉండే పిల్లల్లో, వండి వడ్డించేవాళ్లలో మనవాళ్లు చాలామంది. కింద రాసిన పనిలో సగం వాళ్ల చేతుల్లోనే ఉంది.

మేం అడిగేది ఒకటే. ట్రేడ్ లైసెన్సు ఉన్న ప్రతి పీజీలో, మెస్సులో రోజుకొకసారి వంటగది కుళాయి దగ్గర ఫ్రీ క్లోరిన్ కొలిచి పుస్తకంలో రాయాలని ఉత్తర్వు ఇవ్వండి. ఫ్రీ క్లోరిన్ అంటే నీటిలో మిగిలి ఉండి, ఇంకా క్రిములను చంపగల క్లోరిన్. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. అదే ప్రమాణం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ. కోలై (మలం కలిసిందని చెప్పే బాక్టీరియా) ఒక్కటి కూడా కనబడకూడదంటుంది.

2024 ఆగస్టులో అప్పటి నగరపాలిక బీబీఎంపీ పీజీలకు మార్గదర్శకాలు ఇచ్చింది. మనిషికి 70 చదరపు అడుగుల చోటు, రోజుకు 135 లీటర్ల నీరు అని లెక్క కట్టింది. అదే ఏడు మార్చిలో జిల్లా యంత్రాంగం ట్యాంకర్ల ధరలు నిర్ణయించింది: 5 కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకు 1,000 రూపాయలు. నీరెంత ఇవ్వాలో, ఎంతకు ఇవ్వాలో అంకెలున్నాయి. క్రిములు లేని నీరని తేల్చే అంకె కూడా వాటి పక్కన చేరాలి.

నీరు చెడేది ఎక్కువగా సంపులోనే. తొరెకాడనహళ్లిలో శుద్ధి చేసిన కావేరి నీరు దాదాపు 100 కిలోమీటర్లు ప్రయాణించి ఊరికి వస్తుంది. 2024 అక్టోబరులో అయిదో దశ ప్రారంభమయ్యాక తర్వాత నగరంలో కలిసిన 110 గ్రామాల ప్రాంతానికీ ఆ నీరు చేరుతోంది. కానీ సంపులో అది ఒంటరిగా ఉండదు. 20,000 లీటర్ల సంపు తీసుకోండి. కావేరి నీరు 5,000 లీటర్లు 0.2 క్లోరిన్‌తో వచ్చింది. మిగతా 15,000 లీటర్లు ట్యాంకర్ తెచ్చిన బోరు నీరు, అందులో క్లోరిన్ సున్నా. కలిస్తే 0.05. సంపు గోడలకు పట్టిన జిగురు, అడుగున చేరిన మడ్డి ఆ కాస్తనూ కొద్దిసేపట్లో తినేస్తాయి. ఆ తర్వాత ఎక్కడినుంచి మురుగు చుక్క పడినా దాన్ని ఆపేది ఏదీ లేదు.

మురుగు చుక్క పడే దారులు చాలా ఉన్నాయి. సంపు మూత నేలమట్టంగా ఉంటే వాన నీళ్లు, వాకిలి కడిగిన నీళ్లు నేరుగా లోపలికి పోతాయి. మూత అంచు నేలకన్నా జానెడు ఎత్తులో ఉండాలి. డ్రైనేజీ ఛాంబరు సంపు పక్కనే ఉండి, అది మూసుకుపోయి నిండినప్పుడు, పగిలిన గోడలోంచి ఊట దిగుతుంది. నీటి సరఫరా లేని గంటల్లో వీధి పైపు ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఎవరైనా మోటారు నేరుగా లైనుకు బిగించి లాగితే, పైపు బీటల్లోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి వచ్చేస్తుంది. ఎస్టీపీలో (మురుగు శుద్ధి ప్లాంటులో) శుద్ధి చేసిన నీటిని ఫ్లష్‌లకు పంపే రెండో లైనున్న భవనాల్లో మరమ్మతు చేసిన ప్లంబరు ఒక్క జాయింటు తప్పు కలిపినా చాలు. రెండు లైన్లకూ రెండు రంగుల పైపులు తప్పనిసరి చేయడం ఖర్చులేని పని.

"మా దగ్గర ఆర్వో ఉంది, టీడీఎస్ 40 వస్తోంది" అన్నది పీజీల్లో ఎక్కువగా వినబడే జవాబు. టీడీఎస్ మీటరు కరిగిన లవణాలను చూపిస్తుంది. బాక్టీరియాను చూపించదు. పైగా ఆర్వోలోని కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ను తీసేస్తుంది కాబట్టి, తర్వాత వచ్చే స్టోరేజి ట్యాంకులోని నీటికి రక్షణ ఏదీ మిగలదు. ఆ ట్యాంకు గోడకు, కుళాయి మూతికి జిగురు పొర పట్టాక, ఎంత మంచి నీరు వచ్చినా బయటికి వచ్చేది మంచిది కాదు. యూవీ దీపం వెలుగుతున్నట్టే కనిపిస్తుంది గానీ దాని శక్తి వాడేకొద్దీ తగ్గిపోతుంది. కంపెనీ చెప్పిన గంటలు దాటితే మార్చాల్సిందే. అన్నిటికన్నా పెద్ద సంగతి, ప్యూరిఫయర్ నీళ్లు తాగడానికే వాడతారు. చట్నీ రుబ్బేది, మజ్జిగ కలిపేది, ఉల్లిపాయ, నిమ్మకాయ కడిగి కోసేది, కంచాలు తొలిపేది సంపు నీళ్లతో. వీటిలో దేన్నీ తర్వాత మరిగించరు. అందుకే కొలత ప్యూరిఫయర్ దగ్గర కాక వంటగది కుళాయి దగ్గర జరగాలంటున్నాం.

ఇక కొలిచే తీరు. ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి పసుపు రంగు చూసే పాత కిట్‌ను దయచేసి ఆమోదించకండి. మురుగు కలిసిన నీటిలో అమ్మోనియా ఉంటుంది. అది క్లోరిన్‌తో కలిసి క్లోరమైన్‌గా మారుతుంది. దానికి చంపే శక్తి చాలా తక్కువ. కాసేపు ఆగి చూస్తే పాత కిట్‌లో దానికీ పసుపు రంగే వస్తుంది, అంటే సరిగ్గా చెడిన నీటికే "బాగుంది" అనిపిస్తుంది. డీపీడీ ఒకటో నంబరు మాత్ర వేస్తే వచ్చే గులాబీ రంగు ఫ్రీ క్లోరిన్‌ను చూపిస్తుంది. మాత్ర వేసి, కరిగాక వెంటనే రంగు పోల్చాలి, ఆలస్యం చేయకూడదు. పని రెండు నిమిషాలది.

అంకె తక్కువ వస్తే ఏం చేయాలో కూడా ఉత్తర్వులోనే ఉండాలి. 20,000 లీటర్ల సంపుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదు అంటే 40 గ్రాముల క్లోరిన్. 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరైతే 160 గ్రాములు. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లతో ముద్ద చేసి, ముప్పావు బకెట్ దాకా నీళ్లు పోసి కలిపి, సున్నం అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేటను మాత్రమే సంపులో పోయాలి. అరగంట తర్వాత సంపులో కొలిస్తే 0.5 ఉండాలి. లేకపోతే ఇంకో సగం మోతాదు. తెరిచిన సంచిలో తేమ తగిలిన పౌడరు నెలల తరబడి ఉంటే 25 శాతం ఎక్కడుంటుంది? చిన్న ప్యాకెట్లు కొని, డబ్బాలో మూతపెట్టి, చీకట్లో ఉంచాలి. బాత్రూములు కడిగే యాసిడ్ పక్కన మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

ట్యాంకర్ దగ్గరా ఇదే లెక్క: 12,000 లీటర్ల లోడుకు సుమారు 100 గ్రాముల పౌడరు. బోరు దగ్గర నింపేటప్పుడే వేస్తే దారిలోనే అరగంట గడిచిపోతుంది. లోడు ధరలో ఆ ఖర్చు కొన్ని రూపాయలు. నీళ్లు దించేటప్పుడు 0.5 చూపించని ట్యాంకర్‌ను వెనక్కి పంపే హక్కు కొనేవాడికి ఉండాలి.

సంపు ఆరునెలలకొకసారి కడగాలి. నింపి, గాఢంగా క్లోరిన్ వేసి, అంతా పారబోయమని చెప్పడం నీటి కరువు తెలిసిన ఈ ఊరికి తగదు. మడ్డి తీసి, గోడలు బ్రష్‌తో రుద్ది, లీటరుకు 200 మిల్లీగ్రాముల ద్రావణం (10 లీటర్ల బకెట్‌కు 8 గ్రాముల పౌడరు) గోడలంతా తడిపి, అరగంట ఉంచి, కడిగేస్తే చాలు. సంపులోకి దిగే మనిషి ప్రాణం గురించి కూడా రాయండి. మూత చాలాసేపు తెరిచి ఉంచాలి, ఫ్యానుతో గాలి లోపలికి పంపాలి, నడుముకు తాడు ఉండాలి, పైన ఇంకొకరు నిలబడాలి. లోపలి మనిషి పడిపోతే కాపాడాలని పైవాడు దూకకూడదు. అలా ఒకరి వెనక ఒకరు పోయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

రోజూ కొలవమనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. కలరా గంటల్లో మొదలుకొని అయిదు రోజుల్లోపు బయటపడుతుంది. టైఫాయిడ్ మాత్రం చెడిన నీరు తాగిన ఒకటి నుంచి మూడు వారాలకు గానీ జ్వరంగా కనిపించదు. ఆలోపు సంపు ఎన్నిసార్లు ఖాళీ అయి నిండిందో! అప్పుడు మీ సిబ్బంది వచ్చి నమూనా తీస్తే నీరు బాగానే ఉంటుంది, ఫైలు మూసేస్తారు. మూడు వారాల కిందటి పేజీలో వరసగా నాలుగు రోజులు సున్నా అని రాసి ఉంటే మాత్రం సంగతి దొరుకుతుంది. పోయిన నీటికి మిగిలే సాక్ష్యం ఆ పుస్తకమొక్కటే.

నమూనా తీసే పద్ధతి కూడా సరిచేయించాలి. ఖాళీ మినరల్ వాటర్ సీసాలో పట్టుకొచ్చిన నీటిని పరీక్షించడం దండగ. స్టెరైల్ సీసాలో సోడియం థయోసల్ఫేట్ వేసి ఉండాలి, లేకపోతే నీటిలోని క్లోరిన్ ల్యాబుకు చేరేలోపు బాక్టీరియాను చంపుతూనే ఉంటుంది, ఫలితం తప్పుగా శుభ్రమని వస్తుంది. ఎండలో బండి డిక్కీలో పెడితే దానికి వ్యతిరేకం, ఉన్నవి పెరిగిపోతాయి. ఐస్ పెట్టెలో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. మలం కలిసిన నీరు పోస్తే నల్లబడే హెచ్2ఎస్ సీసా తొలి పరీక్షకు మంచిదే, అయితే సల్ఫేటు ఎక్కువున్న బోరు నీటికి మలం కలవకపోయినా నల్లబడవచ్చు. దాని మీదే నోటీసులు ఇవ్వకండి.

అన్నం గురించి ఒక మాట. నీరు బాగున్నా పొద్దున వండి మూతపెట్టిన అన్నం రాత్రిదాకా వడ్డిస్తే కడుపు చెడుతుంది. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తనాలు ఉడికినా చావవు, గోరువెచ్చటి అన్నంలో మొలకెత్తి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అన్నం 60 డిగ్రీల పైన ఉంచాలి, లేదా వెడల్పు పళ్లేల్లో పరిచి త్వరగా చల్లార్చి 5 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టాలి. మెస్సుకొక థర్మామీటరు అడగండి.

2024 ఏప్రిల్‌లో నగరంలో ఒక వైద్య కళాశాల హాస్టలు విద్యార్థులు విరేచనాలతో ఆసుపత్రి పాలైనప్పుడు ఊరంతా ఉలిక్కిపడింది. పీజీల్లో పిల్లలు అలా ఒకే ఆసుపత్రిలో చేరరు. ఒకరు మెడికల్ షాపులో మాత్ర కొంటారు, ఒకరు రాత్రి బస్సెక్కి కడపకో కర్నూలుకో ఇంటికి పోతారు. అందుకే మీ పరిధిలోని క్లినిక్‌లకు చెప్పండి: ఒకే చిరునామా నుంచి మూడు రోజుల్లో ముగ్గురు విరేచనాలతో వస్తే ఆరోగ్యాధికారికి అదేరోజు ఫోను చేయాలి. నీళ్ల విరేచనాలైతే యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే క్యారీ-బ్లెయిర్ మాధ్యమంలో (ల్యాబుకు చేరేదాకా క్రిములను బతికించి ఉంచే పదార్థంలో) మలం నమూనా తీయాలి. రోగికి మాత్రం ల్యాబు కోసం ఆగకుండా ఓఆర్‌ఎస్ మొదలుపెట్టాలి.

ఎండాకాలంలో ట్యాంకర్ల రాకపోకలు పెరిగేది ఫిబ్రవరి చివరినుంచి. ఆలోపు తూర్పు నగరపాలికలో ఈ ఉత్తర్వు అమలు మొదలుపెట్టండి. మీ ఆరోగ్య ఇన్‌స్పెక్టర్లకు డీపీడీ కిట్ వాడకం, నమూనా సేకరణ నేర్పడానికి ఒక అరపూట చాలు. ఆ శిక్షణ మేం ఉచితంగా ఇస్తాం. పుస్తకం పేజీ నమూనా, సంపు సైజులవారీగా బ్లీచింగ్ మోతాదుల పట్టిక కన్నడ, తెలుగు, హిందీల్లో తయారుచేసి ఈ లేఖ కన్నడ ప్రతితో జతపరిచాం.

ఇట్లు,
బెంగళూరు తూర్పు ప్రాంతంలో నీటి, ఆహార పరీక్షల పనిలో ఉన్న తెలుగువాళ్లం