మెస్ బాబాయికి, ఇంకా చాలామందికి కృతజ్ఞతలు

కాళ్ళు పీకుతున్నాయి, గొంతు పోయింది. అయినా ఇవాళే రాయాలని కూర్చున్నాను. రేపు మళ్ళీ ఆఫీసు పనుల్లో పడితే ఇవన్నీ మనసులోనే ఉండిపోతాయి.

మా కంపెనీ క్రిస్మస్ పార్టీ ఈ మధ్యాహ్నం చాలా బాగా జరిగింది. ఏటా కేకు కోయగానే బ్యాగులు సర్దుకునేవాళ్ళు కూడా సాయంత్రం దాకా కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఈసారి ఏం కావాలో, ఏం వద్దో ముందే అందరినీ అడిగాం. వద్దన్నవే ఎక్కువ వచ్చాయి. బలవంతంగా స్టేజీ ఎక్కించి డాన్సు చేయించొద్దు. మేనేజర్ల ఉపన్యాసాలు వద్దు. రాత్రిపూట పెట్టొద్దు, ఇంటికి చేరేసరికి అర్ధరాత్రవుతుంది. సీక్రెట్ శాంటా పెడితే 300 రూపాయలు దాటనివ్వొద్దు. కావాలన్నది మాత్రం దాదాపు అందరూ ఒకటే రాశారు: భోజనం వేడిగా, సరిపడా ఉండాలి. నైట్ షిఫ్ట్ వాళ్ళయితే, "మధ్యాహ్నం మిగిలింది మాకు పెట్టకండి" అని రాశారు. డిసెంబరు కదా, మాల వేసుకున్న స్వాములు మా ఫ్లోరులోనే పదిమంది దాకా ఉన్నారు. "మేం పండ్లు తింటాం లెండి, మా గురించి ఆలోచించకండి" అన్నారు వాళ్ళు. ఆ మాటకి ఇంకా కష్టమనిపించింది. పండగ పేరుతో పిలిచి కొందరిని పస్తు కూర్చోబెడతామా?

అందుకే తిండి మీదే ప్రాణం పెట్టాం. తీరా చూస్తే నిన్న సాయంత్రం క్యాటరర్ నుంచి ఫోను. అడ్వాన్సు పడలేదు, రేపు రాలేను అని. ఆయన్ని తప్పు పట్టను. పర్చేజ్ ఆర్డరు ఒక్కో బల్ల దాటుతూ వచ్చి, చివరికి 'ఇయర్ ఎండ్' అని ఆగిపోయింది. రెండు వందల పైచిలుకు మందికి భోజనం. నాకు తెలిసిన క్యాటరర్లందరూ బిజీ. చర్చిల్లో సెమీ క్రిస్మస్‌లు, కాలనీల్లో పడిపూజలు, ఎక్కడ అడిగినా ఖాళీ లేదన్నారు.

సికింద్రాబాద్‌లో మోండా మార్కెట్ దగ్గర ఒక సందులో చిన్న మెస్ ఉంది. అంతకుముందు నేనెప్పుడూ అక్కడ తినలేదు. పెద్దాయన షట్టర్ సగం దించుతున్నాడు. విషయం చెప్పడం మొదలుపెట్టాను గానీ సగంలోనే గొంతు పూడుకుపోయింది. ఎంతమందికి, ఎంత ఇస్తారు, ఏ ఆఫీసు, ఇవేవీ ఆయన అడగలేదు. "పొద్దుగాల సంది ఏమన్న తిన్నవా బిడ్డా?" అన్నాడు.

అంతే, అక్కడే ఏడ్చేశాను. ఆయన ఏమీ ఎరగనట్టు లోపలికెళ్ళి అన్నం, పప్పుచారు, అప్పుడే వేసిన ఆమ్లెట్ తెచ్చి స్టూలు మీద పెట్టాడు. నేను తింటుంటే పక్కనే కూర్చుని బిల్లు బుక్కు వెనక బియ్యం ఎన్ని కిలోలు, చికెన్ ఎంత, పెరుగు ఎంత అని లెక్క రాసుకున్నాడు. బావమరుదులకి ఫోన్లు చేశాడు. పక్క మెస్ మాస్టర్ని పిలిపించాడు. అద్దె సామాన్ల కొట్టు తెరిపించి గుండిగలు తెప్పించాడు. స్వాముల సంగతి చెప్పగానే చెయ్యి అడ్డం ఊపాడు. "ఇక్కడ చికెన్ వండుతం, స్వాములకు ఇక్కడి వంట వద్దు. మా వెనకింటి గురుస్వామి ఇంట్ల చేయిస్త" అన్నాడు. ఇవాళ ఉల్లి, వెల్లుల్లి లేని పప్పు, పులిహోర, సేమ్యా పాయసం, వాటితోపాటు అరిటాకుల కట్ట కూడా వేరే ఆటోలో వచ్చాయి.

అడ్వాన్సు లేకుండా ఎలా ఒప్పుకున్నారు బాబాయ్ అని అడిగాను. గోడ మీద క్యాలెండర్లో మెదక్ చర్చి బొమ్మ చూపించాడు. వాళ్ళ తాత ఆ చర్చి కట్టేటప్పుడు రాళ్ళు మోశాడట. కరువు రోజుల్లో జనానికి పని, పనితోపాటు అన్నం దొరకాలని ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీ పాస్నెట్ దొర కట్టించిన చర్చి అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. "గా గుడి కట్టబట్టే మావోళ్ళు బతికిన్రు. పైసలు యాడికి పోతయ్ బిడ్డా, ముందుగాల అందర్ని తిననీ" అన్నాడు.

మధ్యాహ్నం వండింది రాత్రికి బాగుండదని, నైట్ షిఫ్ట్ వాళ్ళకోసం సాయంత్రం మళ్ళీ పొయ్యి వెలిగించాడు. తొమ్మిదింటికి ట్రాలీ ఆటోలో తనే తెచ్చాడు. ఒక్కో పొట్లం మీద నీలం స్కెచ్ పెన్నుతో 'రాత్రి డ్యూటీ పిల్లలకు' అని రాసి ఉంది. పొట్లం పట్టుకుంటే చెయ్యి కాలింది.

ఆయన పేరు రాయొద్దన్నాడు, అందుకే రాయడం లేదు. కానీ ఈ మాట రాయకుండా ఉండలేను. ఆయన డబ్బు ఇంకా ఇవ్వలేదు. వెండర్ రిజిస్ట్రేషన్ కావాలట. జీఎస్టీ నంబరు, క్యాన్సిల్డ్ చెక్కు, మూడేళ్ళ టర్నోవరు, ప్రతి పేజీ మీద స్టాంపు. నలుగురు కూర్చునే మెస్‌కి స్టాంపు ఎక్కడిది? అవన్నీ ఇచ్చాక మళ్ళీ 45 రోజులట. చిన్న వ్యాపారుల బాకీకి 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం పెట్టిన 45 రోజులు గరిష్ఠ గడువు. అంతకంటే ఆలస్యం చేయకూడదని పెట్టిన గడువుని, అప్పటిదాకా ఆపొచ్చన్నట్టు వాడుకుంటున్నారు. కోట్ల లావాదేవీలకి రాసుకున్న రూల్సు చికెన్, బియ్యం అప్పు మీద తెచ్చినవాడికీ అవేనా? దీని మీద నేను ఊరుకోను. అందరి ముందూ చెబుతున్నాను.

మా ఆయన, అత్తయ్య పిల్లాణ్ణి చూసుకున్నారు, వాళ్ళకి ఇంట్లో చెబుతాను.

నక్షత్రాలు, సీరియల్ లైట్లు కట్టిన హౌస్‌కీపింగ్ అక్కలకి, చివరి బంతిలో వాళ్ళతో కూర్చుని తిన్న మా డెలివరీ హెడ్‌కి థాంక్స్. గులాబీ పువ్వులు, అరిసెలు ఇంటి నుంచి చేసుకొచ్చిన సపోర్ట్ టీమ్ అమ్మాయిలకి కూడా, అవి కేకు కంటే ముందే అయిపోయాయి.

అయ్యో, క్యాబ్ డ్రైవర్లు! గుండిగలు లిఫ్టులో పట్టకపోతే మెట్ల మీదుగా మోసింది వాళ్ళే. జనరేటర్ దగ్గర మధ్యాహ్నమంతా నిలబడ్డ ఎలక్ట్రీషియన్ అన్నకి కూడా.

ఇంకొక్కరు. అకౌంట్స్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఇందాక బాబాయి పొట్లాలు దించుతుంటే ఆయన పక్కనే నిలబడి, ఆధార్, పాన్ కార్డు ఫొటోలు తీసుకుని, ఆ ఫారం తనే నింపింది. స్టాంపు లేకపోతే ఏం చేయాలో రేపు పొద్దున్నే వాళ్ళ మేనేజర్ని అడుగుతానంది. థాంక్యూ అమ్మా.