మన వీధిలో గొలుసు లాగిన విషయం

అందరికీ నమస్కారం. నిన్న పొద్దున్నే అయిదున్నరకి మా పక్కింటి పిన్నిగారు వాకిట్లో ముగ్గు వేస్తుంటే బైక్ మీద ఇద్దరు ఆగి, బీఆర్‌టీఎస్ రోడ్డుకి ఎటు వెళ్లాలని అడిగారట. ఆవిడ చెయ్యెత్తి చూపించేలోపే మెళ్లో గొలుసు పట్టుకుని లాగారు. నల్లపూసలు తెగి ముగ్గులో చెల్లాచెదురయ్యాయి. గొలుసు కొంగులో చిక్కుకుని దక్కింది కానీ మెడంతా గీరుకుపోయింది.

"వస్తువు పోలేదుగా, స్టేషన్ ఎందుకు" అంటున్నారు ఆవిడ. ప్రయత్నించినా నేరమేనండీ. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో స్నాచింగ్‌కి విడిగా 304 సెక్షన్ ఉంది, మూడేళ్ల వరకు జైలు. ఇలాంటివి ఫిర్యాదు దాకా వెళ్లకపోతే లెక్కల్లోకి రావు, మన ఏరియా కాగితం మీద ప్రశాంతంగానే ఉంటుంది. సాయంత్రం ఆవిడకి తోడుగా నేను వెళ్తున్నాను.

రాత్రి నుంచి గ్రూపులో తిరుగుతున్న 'దొంగల ముఠా' వీడియో మన ఊరిది కాదు, వెనక బోర్డులు హిందీలో ఉన్నాయి. దయచేసి ఆపండి, ఇంట్లో పెద్దవాళ్లకి టెన్షన్. అనుమానం వస్తే ముందు 112కి ఫోన్ చేయండి, గ్రూపులో పెట్టడం తర్వాత.

మలుపు దగ్గర ఎవరి కెమెరా అయినా రోడ్డు వైపు ఉంటే ఈరోజే ఫుటేజ్ తీసి పెట్టండి. కొన్ని రోజులకి పాతది చెరిగిపోతుంది. మా అపార్ట్‌మెంట్ కెమెరా పనిచేస్తోంది కానీ, దాని ముందు వేపకొమ్మే కనిపిస్తోంది!