ఆటల సంఘం వార్షిక నివేదిక (2024-25)

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, మన అపార్ట్‌మెంటు కుటుంబాలందరికీ నమస్కారం.

ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీ అందరికీ తెలుసు. అందుకే ఆ సంగతి మళ్ళీ రాయడం లేదు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు ఏం చేశామో, ఏం చేయలేకపోయామో సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను.

ప్రతి ఆదివారం సాయంత్రం ఐదున్నరకు ఆటలు జరపాలని కిందటి సమావేశంలో తీర్మానించాం. 52 ఆదివారాల్లో 37 జరిగాయి. వానలు, పిల్లల పరీక్షలు, సంక్రాంతికి అందరూ ఊళ్ళకు వెళ్ళడం వల్ల మిగిలినవి పోయాయి. వచ్చినవాళ్ళు ఎనిమిది మందికి తగ్గలేదు. "ఇంత కొద్దిమందితో ఏం ఆడతారండీ?" అని చాలామంది నన్ను అడిగారు. బ్యాటు, బంతి కొనకుండా ఐదుగురు కలిసి ఆడుకోగల ఆటలు మన పెద్దవాళ్ళకు బోలెడు తెలుసు. వాళ్ళను అడిగి తెలుసుకుని ఆడించడమే ఈ ఏడాది మేం చేసిన పని.

అన్నిటికన్నా బాగా కుదిరింది నాలుగు స్తంభాలాట. దీనికి సరిగ్గా ఐదుగురు కావాలి. నలుగురు నాలుగు స్తంభాలు పట్టుకుంటారు, మధ్యలో దొంగ. స్తంభాల దగ్గరివాళ్ళు ఒకరికొకరు సైగ చేసుకుని చోటు మారుతుంటే, ఖాళీ అయిన స్తంభాన్ని దొంగ పరుగెత్తి పట్టుకోవాలి. స్తంభం దొరకనివాళ్ళు తర్వాతి దొంగ. మండువా ఇళ్ళు పోయాక ఈ ఆట కూడా పోయిందనుకున్నాను. కానీ మన సెల్లార్‌లో ఉన్నన్ని స్తంభాలు ఏ మండువాలో ఉంటాయి? ఆదివారం రెండు గంటలపాటు కార్లు బయట పెట్టుకున్న ఎ బ్లాకు వారందరికీ కృతజ్ఞతలు. జూన్‌లో ఒక సభ్యులు కాలు జారి మోకాలు కొట్టుకున్నారు. గాయం పెద్దది కాకపోయినా ఆ రోజు నాకు చాలా టెన్షన్ అయింది. అప్పటినుంచి యాభై దాటినవాళ్ళు ఆడేటప్పుడు పరుగు లేదు, నడకే అని నియమం పెట్టాం. నడక ఆటలో సైగలు కనిపెట్టడమే అసలు పని కాబట్టి పెద్దవాళ్ళే ఎక్కువసార్లు గెలుస్తున్నారు.

ఆగస్టు 29 గురించి కాస్త వివరంగా రాయాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది 1863 ఆగస్టు 29న. అందుకే అది తెలుగు భాషా దినోత్సవం. హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టింది 1905లో అదే తేదీన. అందుకే అది జాతీయ క్రీడా దినోత్సవం కూడా. భాషకూ ఆటకూ ఒకే రోజు కలిసివచ్చినప్పుడు మాటతో ఆడే ఆటలు పెడితే ఎలా ఉంటుందన్నది మన కోశాధికారి గారి ఆలోచన. గురువారం, పైగా పనిరోజు. ఎవరొస్తారులే అనుకున్నాను. సాయంత్రం ఏడుగంటలకు సెల్లార్‌లో 64 మంది ఉన్నారు.

ముందు వీరీ వీరీ గుమ్మడిపండు పెట్టాం. దొంగ కళ్ళు తల్లి మూస్తుంది. మిగిలినవాళ్ళలో ఒకరు ముందుకొచ్చి నిలబడతారు. "వీరీ వీరీ గుమ్మడిపండు, వీరి పేరేమి?" అని తల్లి అడిగితే దొంగ పేరు చెప్పాలి. మన పిల్లలు అడుగుల చప్పుడు విని మనిషిని గుర్తుపట్టేశారు కానీ పేరు చెప్పలేకపోయారు. "302 అంకుల్", "బి బ్లాకు ఆంటీ" అన్నారు. పెద్దవాళ్ళ వంతు వచ్చినా అంతే, "205 వాళ్ళ పాప" అన్నారు. ఆరేళ్ళుగా ఒకే లిఫ్టులో ఎక్కి దిగుతున్నాం. అప్పటికప్పుడు ఫ్లాట్ నంబరు చెప్తే చెల్లదని ప్రకటించాం. ఆట గంట దాటింది. అయ్యేసరికి అక్కడున్న అందరి పేర్లూ అందరికీ వచ్చాయి. ఇప్పుడు పిల్లలు నన్ను పేరు పెట్టి "బాబాయ్" అని పిలుస్తున్నారు. ఈ ఏడాది మనం సాధించింది ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ గంటనే చూపిస్తాను.

తర్వాత పొడుపు కథలు. "తెల్లని పొలంలో నల్లని విత్తనాలు, చేత్తో చల్లడం, నోటితో ఏరుకోవడం" అని మూడో అంతస్తు బామ్మగారు అడిగితే, అక్షరాలని ఐదో తరగతి పాప చెప్పింది. "కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అన్నదానికి మాత్రం ఇంజనీర్లందరూ తెల్లమొహం వేశారు. కళ్ళు అని చివరికి బామ్మగారే చెప్పాల్సి వచ్చింది. నిలబడలేనివాళ్ళ కోసం కాళ్ళాగజ్జె కంకాళమ్మ ఆడించాం. అందరూ కాళ్ళు చాపుకుని వరసగా కూర్చుంటే, పాట పాడుతూ ఒక్కో కాలూ తాకుతూ పోవాలి. పాట ఎక్కడ ఆగితే ఆ కాలు ముడవాలి. మోకాళ్ళ నొప్పులున్న నలుగురు అమ్మమ్మలు మనవలతో పాటు కింద కూర్చున్నారు. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప దగ్గర మన ఆడపడుచుల ఉత్సాహం చూసినవాళ్ళకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

మే నెలలో కరెంటు పోయిన రాత్రులు మేడ మీద అంత్యాక్షరి జరిగింది. సినిమా పాటలతో మొదలుపెట్టి పద్యాల్లోకి వెళ్ళాం. అక్కడ ఒక చిక్కు వచ్చింది. వేమన పద్యం చదివితే చివర 'వేమ' అని వస్తుంది, అవతలి జట్టు ఎప్పుడూ 'మ' మీదే మొదలుపెట్టాలి. సుమతీ శతకమైతే ఎప్పుడూ 'త'. అందుకని మకుటం వదిలేసి దాని ముందున్న అక్షరం అందుకోవాలని నియమం చేశాం. వేమన పద్యానికైతే మూడో పాదం చివరి అక్షరం అన్నమాట. ఈ నియమం పెట్టాక ఆట రాత్రి పదకొండు దాకా సాగింది.

చెడుగుడు మాత్రం ఆడించలేకపోయాం. పోటీల్లో ఏడుగురేసి ఉంటారు గానీ మనకు ముగ్గురేసి ఉన్నా సరిపోతుంది. కాలితో ఒక గీత గీసుకుంటే చాలు. కానీ సిమెంటు నేల మీద పిల్లల్ని పడెయ్యలేం కదా, మట్టి నేల ఉండాలి. ఎదురుగానే పార్కు ఉంది. సాయంత్రం ఐదింటికే గేటుకు తాళం పడుతుంది. ఎనిమిది దాకా తెరిచి ఉంచమని, పాడైన రెండు లైట్లు మార్చమని సంబంధిత అధికారులకు మూడుసార్లు అర్జీ ఇచ్చాం. రెండుసార్లు నేనే సెలవు పెట్టి వెళ్ళాను. సారు లేరు, రేపు రండి అన్నారు. అర్జీ అందినట్టు ముద్ర వేయించుకున్న కాగితాలు నా దగ్గరున్నాయి. చూడదలచినవారు చూడవచ్చు.

మన సభ్యుల సంగతి కూడా చెప్పక తప్పదు. ఆటలు నడిపించడానికి గ్రూపులో పదకొండు మంది పేర్లిచ్చారు. క్రమం తప్పకుండా వచ్చింది ముగ్గురు. ఆగస్టు 29న కుర్చీలు మోసిన ఐదుగురూ కాలేజీ పిల్లలే. ఆటలయ్యాక ఫోటోల కింద చప్పట్ల గుర్తులు పెట్టేవారికి నా విన్నపం ఒక్కటే. ఆదివారం అరగంట ముందు కిందికి రండి. పంటలు వేసి దొంగను తేల్చడానికైనా మనుషులు కావాలి.

జమా ఖర్చులు: పాత నిల్వ 6,240 రూపాయలు. 40 కుటుంబాల చందా 200 చొప్పున 8,000. మొత్తం 14,240. ఖర్చులు: మజ్జిగ, గుగ్గిళ్ళు 5,180, మైకు అద్దె 1,800, మందులపెట్టె 640, కాగితాలు వగైరా 450. మొత్తం 8,070. నిల్వ 6,170. రసీదులు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి. చందా కట్టాల్సిన 16 కుటుంబాలు ఈ నెలాఖరులోగా కట్టగలరు.

ప్రతి ఆదివారం సెల్లార్ ఊడ్చి నీళ్ళు చల్లిన వాచ్‌మన్ దంపతులకు, పాటలన్నీ గుర్తు తెచ్చుకుని పిల్లలకు నేర్పిన బామ్మగారికి, గుగ్గిళ్ళు ఉడికించి తెచ్చిన బి బ్లాకు అక్కయ్యగారికి, మోకాలికి కట్టు కట్టిన డాక్టరు గారికి, ఏ పని చెప్పినా కాదనని అధ్యక్షులవారికి, వచ్చిన ఆ ముగ్గురు కార్యకర్తలకు, ఐదుగురు కాలేజీ పిల్లలకు సంఘం తరఫున ధన్యవాదాలు. ఎవరినైనా మరిచిపోతే మన్నించండి.

వచ్చే ఏడాదికి ఆదివారాల పట్టిక రాసి వాచ్‌మన్ గది పక్క గోడకు అంటించాను. ఒక్కో ఆదివారం ఎదురుగా ఇద్దరి పేర్లకు చోటుంది. ఈ రోజు ఇంటికి వెళ్ళేలోగా మీ పేరు రాయండి, ఫ్లాట్ నంబరు కాదు. సమావేశం కాగానే సెల్లార్‌లో నాలుగు స్తంభాలాట ఉంది. కార్లు ముందే బయట పెట్టించాం.

ఇట్లు,
కార్యదర్శి